పిన్ని పూతరేకులకు ప్రచారం చేసిపెట్టాను, ఇప్పుడు పిన్ని నా ఫోను ఎత్తడం లేదు

కూకట్‌పల్లి_కుర్రాడు · జనవరి 24, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడికి వచ్చాను.

మా పిన్నిది ఆత్రేయపురం దగ్గర పల్లె. పాతికేళ్ళుగా రేకులు తీస్తుంది. తీసిన రేకులను ఊళ్ళో ఒక దుకాణానికి వేస్తుంది. వాటిలో నెయ్యి, పంచదార పొడి వేసి, చుట్టి, డబ్బాల్లో పెట్టి అమ్ముకునేది దుకాణం వాళ్ళు. మంట ముందు కూర్చున్న మనిషికి ఎంత దక్కుతోందో, డబ్బా మీద ధర ఎంత ఉందో చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు, పిన్ని తిరగేసిన కుండ ముందు కూర్చుని పిండిలో ముంచిన పలుచటి గుడ్డను కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తుంటే 48 సెకన్ల వీడియో తీశాను. కనుమ నాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ‘పది పూతరేకుల డబ్బా 200 రూపాయలు, మీ ఇంటికే పంపుతాం’ అని రాసి నా నంబరు ఇచ్చాను. మూడు రోజుల్లో 212 డబ్బాలకు ఆర్డర్లు వచ్చాయి. చాలావరకు హైదరాబాద్ నుంచే. డబ్బు ముందే నా ఖాతాలో పడింది. పిన్నికి ఫోను చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాను.

పిన్ని, బాబాయి, మా చెల్లెలు కలిసి నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా 60 డబ్బాలు చేశారు. కొరియర్‌లో పంపితే 25 డబ్బాల్లో పొడే మిగిలింది. ‘ఇవి పూతరేకులు కావు, పూతపొడి’ అని ఒకాయన ఫొటోతో సహా వ్యాఖ్య పెట్టాడు. అది పిన్ని కంట పడింది. మిగతా అందరికీ డబ్బు వెనక్కి ఇచ్చేశాను. పాడైన వాటి డబ్బు నా జేబులోంచి పోయింది, దానికి బాధ లేదు. ఈ గొడవలో నాలుగు రోజులు దుకాణానికి రేకులు వేయలేదు కాబట్టి, ‘మీరే సొంతంగా అమ్ముకుంటున్నారట కదా’ అని ఆ దుకాణం ఆయన వేరే వాళ్ళ దగ్గర తీసుకోవడం మొదలుపెట్టాడు.

పిన్ని ఒక్క మాట అనలేదు. ‘నువ్వు మంచికే చేశావులే నాన్నా’ అంది. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. నేను చేసిన తప్పేమిటి? ఇంకా సాయం చేయాలనే ఉంది. ఎలా చేయాలి?

డాలస్_దొండకాయ · జనవరి 24, రాత్రి 10:40

తమ్ముడూ, ఆ వీడియో లంకె పంపు. ఉగాదికి మా తెలుగు సంఘానికి 40 డబ్బాలు కావాలి. మా తోడల్లుడు మార్చిలో ఇండియా నుంచి వస్తున్నాడు, సూట్‌కేసులో తెస్తాడు. పిన్ని గారికి ఇంతకంటే ప్రచారం ఏముంటుంది!

నిదానం · జనవరి 24, రాత్రి 10:52

దొండకాయ గారూ, ఆయన ఇల్లు కాలి ఏడుస్తుంటే మీరు చుట్టకు నిప్పు అడుగుతున్నారు.

గౌతమి_గట్టు · జనవరి 25, ఉదయం 6:15

మాది రావులపాలెం అవతల. మా అమ్మమ్మ రేకులు తీసేది, మా వదిన ఇప్పటికీ తీస్తుంది. అందుకని మీరు వేయని లెక్క నేను వేస్తాను.

మీ పిన్ని గారు రోజుకు ఎన్ని రేకులు తీస్తారో మీరు రాయలేదు. అక్కడే విషయమంతా ఉంది. మా వదిన తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే, ఎండ ముదిరేలోపు 300 రేకులు తీస్తుంది. అంతకుమించితే నడుము, కళ్ళు రెండూ మొరాయిస్తాయి. కుండ వేడి ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే ఊడి రాదు. ఎండు కొబ్బరి మట్టలను ఎడమ చేత్తో మంటలోకి తోస్తూ, కుడి చేత్తో గుడ్డ లాగాలి. కొత్తగా ఒక మనిషిని పెట్టుకుందామన్నా చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు చూడండి. ఒక్కో పూతరేకుకు రెండు రేకులు వేసినా పది ఉన్న డబ్బాకు 20. రోజుకు 300 రేకులంటే 15 డబ్బాలు. అది కూడా దుకాణానికి ఒక్క రేకూ వేయకపోతే. మీరు తెచ్చిన 212 డబ్బాలకు 4,240 రేకులు కావాలి. పద్నాలుగు రోజులు వేరే పని లేకుండా చేయాలి. చుట్టడం, సర్దడం, కట్టడం అందులో కలపలేదు. ఫోనులో మీరు ఆ సంఖ్య చెప్పినప్పుడు ఆవిడ మౌనంగా ఈ లెక్కే వేసుకుని ఉంటారు.

మగ్గంవర్క్_అక్క · జనవరి 25, ఉదయం 11:30

గుంటూరులో నాకు మగ్గం వర్క్ దుకాణం ఉంది. సాయం తీసుకున్న వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి చోట్ల సాయం చేసినవాళ్ళే ఎక్కువ రాస్తారు.

ఐదేళ్ళ కింద మా తమ్ముడి స్నేహితుడు ‘అక్కా, నీకు పేజీ పెట్టిస్తాను’ అన్నాడు. మంచి పిల్లవాడు. జాకెట్ల ఫొటోలు చక్కగా తీసేవాడు. పేజీ తన నంబరు మీద, తన మెయిల్ మీద తెరిచాడు. మూడు వేల మంది చేరారు. తర్వాత వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఎవరైనా ధర అడిగితే వాడికి వెళ్ళేది, వాడు రాత్రి ఎప్పుడో చూసి నాకు పంపేవాడు, నేను జవాబిచ్చేలోపు వాళ్ళు ఇంకో చోట కుట్టించుకునేవారు. పేజీ నాకు ఇచ్చేయమని అడగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఊరికే చేసిపెట్టిన వాడిని ఏమని అడుగుతాం? చివరికి అడిగేసరికి వాడు ఆ ఫోను నంబరే మార్చేశాడు. పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, అందులో నా జాకెట్లు ఉన్నాయి, నాకే అందులోకి దారి లేదు.

మొహమాటం ఎంత ఖరీదైనదో అప్పుడు తెలిసింది. ఇప్పుడు డిగ్రీ చదివే ఒక అమ్మాయికి నెలకు 1,500 ఇచ్చి ఫొటోలు తీయించుకుంటున్నాను. డబ్బు ఇస్తున్నాను కాబట్టి ‘ఈ ఫొటోలో రంగు తేడాగా వచ్చింది, మళ్ళీ తియ్యి’ అనగలుగుతున్నాను. ఉచితంగా చేసిన తమ్ముడితో ఆ మాట ఒక్కసారి కూడా అనలేకపోయాను.

బాబూ, మీ నంబరు ఇచ్చారు, డబ్బు మీ ఖాతాలో పడింది. పేజీ పేరేమిటి?

కూకట్‌పల్లి_కుర్రాడు · జనవరి 25, మధ్యాహ్నం 1:05

పేజీ పేరులో నా పేరే ఉంది అక్కా. అంతకుముందు నా ప్రయాణాల ఫొటోలు పెట్టుకునే పేజీ అది. దాన్నే మార్చాను.

గౌతమి_గట్టు గారూ, మీరు చెప్పిన 300 సరిగ్గా మా పిన్ని లెక్కే. నేను అడగలేదు. ఈ రోజు చెల్లెలిని అడిగితే చెప్పింది.

ఫ్లెక్సీ_మూర్తి · జనవరి 25, మధ్యాహ్నం 2:20

ఇన్‌స్టాగ్రామ్ వగైరా అంతా పొగ. తెనాలిలో నాకు 14 ఏళ్ళుగా ఫ్లెక్సీ ప్రింటింగ్. పిన్ని గారి ఫొటో పెద్దగా వేసి, మంచి పేరు పెట్టి, లోగో చేయించి, రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీదకు కనబడేలా 20 అడుగుల బోర్డు పెట్టండి. జనం ఎందుకు రారో చూద్దాం.

నిదానం · జనవరి 25, మధ్యాహ్నం 2:31

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పద్దుపుస్తకం · జనవరి 25, సాయంత్రం 5:48

కాకినాడలో పన్నుల లెక్కలు చూస్తాను. అందరూ మనసుల గురించి మాట్లాడుతున్నారు, కాగితాల సంగతి నేను చెబుతాను. కుర్రాడు గారూ, కంగారు పడకుండా చదవండి.

మీ పిన్ని ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, కొన్నవారు తెలంగాణలో. సరుకు రాష్ట్రం దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదన్నది నిజమే (తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు). అయితే ఆ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మకాలకే. వేరే రాష్ట్రానికి అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు తప్పదు. చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో చేరుదామా అంటే, అందులో ఉన్నవారు అసలు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్న వ్యాపారులు కూడా ఆన్‌లైన్ అంగళ్ళ ద్వారా అమ్ముకోవచ్చన్నారు, అదీ సొంత రాష్ట్రంలోనే. అంటే మీరు సదుద్దేశంతో నొక్కిన ఒక్క బటన్‌తో, ఇన్నేళ్ళూ దుకాణానికి రేకులు వేసుకుంటూ ఏ చిక్కూ లేకుండా ఉన్న మనిషిని ఇంకో లెక్కలోకి లాగారు. డబ్బు మీ ఖాతాలో పడింది కనుక అమ్మింది మీరా, ఆవిడా అన్నది మరో ప్రశ్న.

రెండోది. రేకులు దుకాణానికి వేయడం వేరు, తినడానికి సిద్ధంగా ఉన్న మిఠాయిని డబ్బాలో పెట్టి నేరుగా జనానికి అమ్మడం వేరు. డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారిచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. ఏమేం వేశారో, ఎంత బరువో, ఎప్పుడు చేశారో, ఎప్పటిలోపు తినాలో, పన్నులన్నీ కలిపి ధర ఎంతో, ఎవరు ఎక్కడ చేశారో రాయాలి. శాకాహారమని ఆకుపచ్చ చుక్క పెట్టాలి. జీడిపప్పు వేస్తే అదీ చెప్పాలి, పడనివారు ఉంటారు. ఇవేవీ భయపడాల్సినవి కావు. చిన్న వాళ్ళకు రిజిస్ట్రేషన్ సులువుగానే అవుతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు అయితే పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గుర్తుపట్టండి.

నిజంగా సాయం చేయాలని ఉంటే, వీడియో తీసే ముందు ఈ కాగితాల పని మీ చేత్తో చేసిపెట్టాల్సింది. చదువుకున్న పిల్లవాడు ఊరికి వస్తే ఊరివాళ్ళు ఆశించేది అదే.

కూకట్‌పల్లి_కుర్రాడు · జనవరి 25, రాత్రి 9:15

సిగ్గుతో తల వంచుకుని చదివాను. ఇంకో నేరం కూడా ఒప్పుకుంటాను. ఆ ‘పూతపొడి’ వ్యాఖ్య కిందకు పోవాలని మా ఆఫీసులో 30 మంది చేత ‘అద్భుతం, అమ్మ చేతి రుచి’ అని వ్యాఖ్యలు రాయించాను. వాళ్ళెవరూ తినలేదు.

పద్దుపుస్తకం · జనవరి 25, రాత్రి 9:33

తీయించేయండి. ఇలాంటి రాతల మీద భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, అదే ఏడాది జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పిన్ని గారికి కావలసింది తిన్న ఐదుగురి మాట. తినని 30 మంది మాటతో ఆవిడకు పనేముంది?

హైటెక్_వంటిల్లు · జనవరి 26, ఉదయం 9:02

నాదో సందేహం. నేను మియాపూర్‌లో ఇంట్లోనే పూతరేకులు చేస్తాను. రేకులు కూడా నేనే తీస్తాను, యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని పెట్టి అమ్మితే తప్పా? అందరూ అలాగే అంటున్నారు కదా.

గౌతమి_గట్టు · జనవరి 26, ఉదయం 9:40

తప్పేనండీ. 2023లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అది అక్కడ చేసేవారిది. మీరు ‘పూతరేకులు’ అనండి, మీ పేటపేరు పెట్టుకోండి, బాగుంటే జనం ‘మియాపూర్ పూతరేకులు’ అంటారు.

కుర్రాడు గారూ, మీరూ వినండి. ఆ గుర్తింపును వాడుకోవడానికి అక్కడివారు కూడా అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. పిన్ని గారికి అది చేసిపెట్టండి. ఆవిడకున్న అసలు ఆస్తి అది. వీడియో వారం రోజుల్లో జనం మరచిపోతారు.

సాహసమే_ఊపిరి · జనవరి 26, ఉదయం 10:15

అందరూ ఆ అబ్బాయి మీద పడ్డారు గానీ, నన్ను అడిగితే పిన్నిదే తప్పు. ఆర్డర్లు తలుపు తట్టి వచ్చాయి. నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని, నాలుగు కుండలు కొని చేయించాల్సింది. చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం రాయితీ, పది లక్షల దాకా పెట్టారు. పాతికేళ్ళు రేకులు తీసి దుకాణానికి వేయడంలో గొప్పేముంది? భయంతో ఎవరూ పైకి రారు.

పొదుపు_సంఘం · జనవరి 26, మధ్యాహ్నం 12:50

సాహసం గారూ, మీది సులువైన మాట. సిద్దిపేట దగ్గర మా మహిళా సంఘంలో పదకొండు మందిమి జొన్న రొట్టెలు చేసి అమ్ముతాం. మీరు చెప్పిన పథకంలోనే సంఘ సభ్యులకు తలకు 40,000 మూల పెట్టుబడి కూడా పెట్టారు, తెలుసు. అయినా అక్కడి నుంచి మొదలుపెట్టలేదు.

మాకు సాయం చేసింది మా సభ్యురాలి కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం. వచ్చిన మొదటి రోజు ఫొటో ఒక్కటీ తీయలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీట వేసుకుని కూర్చుని లెక్క రాసింది. కిలో పిండికి ఎన్ని రొట్టెలు, ఒక సిలిండరు ఎన్ని రోజులు, ఎవరు ఎన్ని గంటలు. సాయంత్రం ‘అమ్మా, మీ కూలి కలిపి చూస్తే ప్రతి రొట్టె మీద మీరు రూపాయి పావలా పోగొట్టుకుంటున్నారు’ అంది. మేము నమ్మలేదు. ఏడాదిగా లాభం వస్తోందనే అనుకున్నాం, ఎందుకంటే మా కూలిని మేమే లెక్కలో వేయలేదు. ఆ రోజే ప్రచారం చేసి ఉంటే నష్టాన్ని పదింతలు చేసుకునేవాళ్ళం.

ధర పెంచాం. నాలుగు హోటళ్ళు మానేశాయి, రెండు ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయి ఫోను తీసింది. తర్వాత మహిళా సంఘాల సరుకులు అమ్మే సరస్ మేళాలో దుకాణం పెట్టినప్పుడు ఆ పిల్లే వచ్చి నిలబడింది, వచ్చినవాళ్ళతో మాత్రం మమ్మల్నే మాట్లాడనిచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, మా లచ్చవ్వ నోటికి రెండో రోజు మధ్యాహ్నానికే సరుకు అయిపోయింది.

కుర్రాడు తమ్మీ, 200 రూపాయల ధర ఎవరు పెట్టారు?

కూకట్‌పల్లి_కుర్రాడు · జనవరి 26, మధ్యాహ్నం 1:10

నేనే. ఆన్‌లైన్‌లో వేరే వాళ్ళ ధరలు చూసి, కాస్త తగ్గించి పెట్టాను.

పొదుపు_సంఘం · జనవరి 26, మధ్యాహ్నం 1:14

అదే అనుకున్నా.

ఏటికొప్పాక_అల్లుడు · జనవరి 26, రాత్రి 8:25

మా మామగారు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే. గుర్తింపుకు లోటు లేదు. అయినా ప్రదర్శనశాలలో ఎవరైనా హిందీలో అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవారు, వాళ్ళు వెళ్ళిపోయేవారు. నేను చేసిందల్లా సెలవు పెట్టి పక్కన నిలబడి హిందీ మాట్లాడటం. రంగులకు చెట్ల గింజలు, బెరళ్ళు, వేర్లు వాడతారని చెబితే పిల్లల తల్లులు ఆగి వింటారు. బొమ్మ ఎలా ఉండాలి, ఎంతకు అమ్మాలి అన్నవి ఆయనవే. ఒకసారి ‘ఈ రంగు పట్టణాల్లో నడవదు మామగారూ’ అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

పద్దుపుస్తకం గారు చెప్పిన రాష్ట్రం దాటే నిబంధనలో హస్తకళలకు మినహాయింపు ఉంది, పరిమితి లోపల ఉంటే. మిఠాయికి ఆ అదృష్టం లేదు మరి.

ఫ్లెక్సీ_మూర్తి · జనవరి 26, రాత్రి 9:10

నన్ను సోమలింగం అన్నారు, సరే. కానీ ఇంతసేపూ చదివితే నాకు అర్థమైంది చెబుతాను. కొరియర్‌లో వేస్తే రేకు విరుగుతోంది. రాష్ట్రం దాటితే పన్ను. మరి మనిషే వచ్చి చేతికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని వెళితే? విరగదు. ఇంటి ముందే అమ్మకం కాబట్టి ఆ పన్ను గొడవా లేదు. ఇరవై అడుగులు వద్దులెండి. ఇంటి దారి చూపించే చిన్న బోర్డు చాలు.

పద్దుపుస్తకం · జనవరి 26, రాత్రి 9:22

మూర్తి గారు ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే మాట చెప్పారు.

నిదానం · జనవరి 26, రాత్రి 9:25

సోమలింగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

మగ్గంవర్క్_అక్క · జనవరి 26, రాత్రి 10:05

దానికి తోడు ఒకటి. కొన్నవాళ్ళ నంబర్లు పిన్ని గారి ఫోనులోనే ఉండాలి, ఆవిడ నంబరు వాళ్ళ ఫోనుల్లో ఉండాలి. వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపే సందేశం మన నంబరు దాచుకున్నవాళ్ళకే చేరుతుంది. నేను బిల్లు ఇచ్చేటప్పుడు ‘నా నంబరు దాచుకోండి, కొత్త పని వస్తే ఫొటో పంపుతాను’ అని నోటితో అడుగుతాను. అడగందే అమ్మయినా పెట్టదు.

బాబూ, ఇంకొక్క మాట. ఫోనులో క్షమాపణ చెప్పకు. వెళ్ళు. కెమెరా తీసుకెళ్ళకు.

కూకట్‌పల్లి_కుర్రాడు · ఫిబ్రవరి 9, రాత్రి 11:20

రెండు వారాలైంది. వెళ్ళి వచ్చాను.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు చేరాను. పిన్ని పొయ్యి దగ్గరే ఉంది. ‘కాళ్ళు కడుక్కుని రా’ అంది, అంతే. తొమ్మిదింటి దాకా కొబ్బరి మట్టలు అందించాను. తర్వాత చుట్టమంది. తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, పొడి చల్లి మడవాలి. మొదటి పదిహేనూ చింపేశాను. చింపిన ప్రతిదాన్నీ నా చేతే తినిపించింది. ఇప్పటికీ పంచదార చూస్తే వికారంగా ఉంది.

మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది. డబ్బాలు విరిగినందుకు కోపం లేదట. రేకు విరుగుతుందని తనకు తెలియదా? ‘చాలా బాగున్నాయి, మీ వ్యాపారం వర్ధిల్లాలి’ అని ఎవరో రాస్తే కింద నేను ‘ధన్యవాదాలండీ’ అన్నానట. అది చదివించుకుని విన్నదట. ‘నాకు చెప్పాల్సిన దణ్ణం నువ్వు తీసుకున్నావు నాన్నా’ అంది. నాకు అన్నం దిగలేదు. నేను ఊహించిన తప్పుల్లో ఇది లేదు.

మీరందరూ దుకాణం ఆయన గురించి ఏమీ అనలేదు గానీ, పిన్నికి అన్నిటికంటే పెద్ద దిగులు అదే. ఆయన వానాకాలంలో, ఆషాఢంలో గిరాకీ లేకపోయినా రేకులు తీసుకుంటాడు. బాబాయికి ఆపరేషన్ అయినప్పుడు ముందుగానే డబ్బు ఇచ్చాడు. నేను అతన్ని దోపిడీదారుడిగా చూశాను. ఇద్దరం కలిసి వెళ్ళాం. అరగంట కూర్చోబెట్టి మాట్లాడనివ్వలేదు. తర్వాత ఒప్పుకున్నాడు: సోమవారం నుంచి గురువారం దాకా రేకులు ఆయనకు, శుక్రవారం, శనివారం తీసినవి పిన్ని సొంతం. వంద రేకులకు ఇచ్చే ధర మాత్రం ఐదు రూపాయలు తగ్గించాడు. బేరం ఆడాలని నోరు తెరిచాను, పిన్ని నా చెయ్యి నొక్కింది.

వారానికి 30 డబ్బాలు. ఆవిడ లెక్క వేసుకుని చెప్పిన సంఖ్య. ధర 260, అదీ ఆవిడే. లెక్క రాయడం మాత్రం చెల్లెలికి నేర్పాను, కూలి కలిపి. పేజీ కొత్తది, పిన్ని పేరు మీద, పిన్ని నంబరుతో. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి దరఖాస్తు పెట్టాను. పాత పేజీలో ఆ 30 మంది రాతలు తీసేయించాను, ‘పూతపొడి’ మాత్రం ఉంచాను. ఆయనకు ఫోను చేసి క్షమాపణ చెబితే, ‘రుచి మాత్రం బాగుందండీ, చెంచాతో తిన్నాం’ అన్నారు.

దొండకాయ అన్నయ్యా, సూట్‌కేసుకు పూతరేకులు ఇవ్వనంది.

డాలస్_దొండకాయ · ఫిబ్రవరి 10, ఉదయం 7:30

అన్యాయం. పోనీ, చుట్టని రేకులు అమ్ముతారా? అటూ ఇటూ అట్టముక్క పెట్టి కట్టిస్తే భద్రంగా ప్రయాణం చేస్తాయి. మా సంఘంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఇక్కడే చుట్టుకుంటాం. మా అత్తగారు రాజమండ్రి నుంచి అలాగే తెచ్చేవారు. ఎన్ని ఇవ్వగలరో ఆవిడే చెప్పాలి, నేను 40 అనను.

గౌతమి_గట్టు · ఫిబ్రవరి 10, ఉదయం 8:05

అది జరిగే పని. మా వదిన వాళ్ళ దగ్గర బంధువులు అలాగే తీసుకెళతారు. అయితే తేమ తగలకూడదు, గాలి చొరకుండా కవరు వేయాలి.

సాహసమే_ఊపిరి · ఫిబ్రవరి 10, ఉదయం 10:40

వారానికి 30 డబ్బాలు! ఇంత చర్చ చేసి తేల్చింది ఇదా? ఏడాది తర్వాత కూడా 30 దగ్గరే ఉంటారు, రాసి పెట్టుకోండి.

పొదుపు_సంఘం · ఫిబ్రవరి 10, ఉదయం 11:15

ఉండొచ్చు. ఉంటే మీకేం ఇబ్బంది?

కూకట్‌పల్లి_కుర్రాడు · ఫిబ్రవరి 11, రాత్రి 8:00

పిన్నికి ఈ చర్చ మొత్తం చెల్లెలు చదివి వినిపించిందట. ఇది పిన్ని చెబుతుంటే చెల్లెలు పంపిన సందేశం, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను:

‘అందరికీ నమస్కారం. రొట్టెల అక్క గారికి, గుంటూరు అమ్మాయికి నా దీవెనలు. అమెరికా బాబుకి చుట్టని రేకులు 200 ఇస్తాను, మార్చి మొదటి వారంలో మనిషిని పంపమనండి, కొరియర్ కుదరదు. తెనాలి మూర్తి గారు చెప్పిన చిన్న బోర్డు నాకు కావాలి. ఎంత అవుతుంది?’

ఫ్లెక్సీ_మూర్తి · ఫిబ్రవరి 11, రాత్రి 8:12

అమ్మా, మూడడుగులకు రెండడుగుల బోర్డు నేనే వేసి పంపిస్తాను. డబ్బు మాట ఎత్తకండి.

కూకట్‌పల్లి_కుర్రాడు · ఫిబ్రవరి 11, రాత్రి 8:30

మళ్ళీ పిన్నే:

‘ఊరికే వద్దు బాబూ. ధర చెప్పండి.’

ఫ్లెక్సీ_మూర్తి · ఫిబ్రవరి 11, రాత్రి 8:34

ఫ్రేముతో కలిపి 450 అవుతుందమ్మా. అందులో ఏమేం రాయాలో చెప్పండి.

కూకట్‌పల్లి_కుర్రాడు · ఫిబ్రవరి 11, రాత్రి 8:51

‘పూతరేకులు. శుక్ర, శనివారాలు మాత్రమే. మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఫోను చేయండి. నంబరు చెల్లెలు విడిగా పంపుతుంది, మా అబ్బాయిది వేయకండి. నా ఫొటో వద్దు, కుండ బొమ్మ వేయండి. నాలుగొందలకు ఇస్తారా?’

ఫ్లెక్సీ_మూర్తి · ఫిబ్రవరి 11, రాత్రి 8:53

ఇస్తానమ్మా.